టోపీ కొన్నవాళ్ళందరూ టికెట్ కొంటారా?

పోయిన వేసవిలో సెయింట్ కాథరిన్ వీధిలో నడుస్తుంటే మా తొమ్మిదేళ్ళ వాడు ఒక షాపు ముందు ఆగిపోయాడు. అద్దంలో ఒక టోపీ ఉంది. నీలం, తెలుపు, ఎరుపు, ముందు వైపు ఏ అక్షరమో తేలని ఒక మెలిక గుర్తు. అది 'ఎం' అని, దాంట్లోనే ఇంకో రెండు అక్షరాలు దాగి ఉన్నాయని ఇక్కడివాళ్ళు చెప్తారు. మాంట్రియల్ వచ్చి పద్నాలుగేళ్ళయినా నాకు మాత్రం అందులో ఎం కనిపించదు. సరే, కొనిచ్చాను. ట్రెయిన్‌లో ఇంటికొస్తూ అడిగాడు, "అమ్మా, వీళ్ళ మ్యాచ్ ఎప్పుడు?"

2004లో అయిపోయింది నాన్నా, అన్నాను.

"మరి టోపీ ఎందుకు అమ్ముతున్నారు?"

నా దగ్గర జవాబు లేదు. ఎక్స్‌పోస్ అనే ఆ బేస్‌బాల్ జట్టు ఈ ఊరు వదిలి వాషింగ్టన్ వెళ్ళిపోయి రెండు దశాబ్దాలు దాటింది. ఆ టోపీ మాత్రం మెట్రోలో రోజుకి పది తలల మీద కనిపిస్తుంది. జట్టు ఉన్నప్పుడు ఇంతమంది పెట్టుకునేవారు కాదని మా ఆఫీసులో పెద్దాయన ఒకరు అంటారు.

ఆయన గురించి చెప్పాలి. 2025 నవంబర్‌లో టొరాంటో జట్టు బ్లూ జేస్ బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో, పదకొండో ఇన్నింగ్స్‌లో, డాడ్జర్స్ చేతిలో 5-4 తేడాతో ఓడిపోయాక ఆఫీసంతా దిగాలుగా ఉంది. ఆయన ఒక్కరే కాఫీ కలుపుకుంటూ, టొరాంటో ఓడితే నాకేంటి, అది నా జట్టు కాదు అన్నారు. ఎక్స్‌పోస్ వెనక్కొస్తే మొదటి టికెట్ ఆయనే కొంటారట. కొత్త జట్ల కోసం లీగు వెతుకుతోందిగా, కమిషనర్ మాన్‌ఫ్రెడ్ 2029 జనవరిలో దిగిపోయేలోపు రెండు ఊళ్ళు ఎంచుతానంటున్నాడుగా, మాంట్రియల్ ఎందుకు కాకూడదు? ఇదీ ఆయన వాదన.

నేను ఊరికే అడిగాను, ఏడాదికి ఎన్ని ఆటలకి వెళ్తారు అని. ఆయన నిజాయితీగా లెక్క వేశారు. ఏప్రిల్‌లో చలి. జూన్ నుంచి శనాదివారాలు సరస్సు పక్కన షాలేలో, అంటే వేసవి ఇంట్లో, ఉంటారు. జులై చివర రెండు వారాలు కట్టడం పనివాళ్ళ సెలవులు, ఊరే ఖాళీ. సెప్టెంబర్ మూడో వారానికి హాకీ జట్టు మంచు మీదికి దిగుతుంది.

"నాలుగు," అన్నారు. "మహా అయితే ఐదు."

అప్పటి నుంచి ఆ అంకె నన్ను వదల్లేదు. మళ్ళీ జట్టు వస్తే ఈ ఊరు పోషించగలదా అని ప్రతి వసంతంలోనూ ఇక్కడ చర్చ జరుగుతుంది. ఎక్స్‌పోస్‌ని తిరిగి తెస్తామంటే పోషించలేదు, ఎక్స్‌పోస్‌ని ఎరగని వాళ్ళ కోసం కొత్త జట్టుని పెడితే పోషించవచ్చు అన్నది నా అభిప్రాయం. ఆట సగమే అర్థమయ్యే మనిషి మాట ఇది. కాస్త తగ్గించుకునే చదవండి.

జనం రాలేదన్న మాట

ముందు ఊరి తరఫున మాట్లాడాలి. మాంట్రియల్ వాళ్ళకి బేస్‌బాల్ పట్టదు, అందుకే జట్టు పోయింది అని టొరాంటోలో మా బంధువులు సైతం తేలిగ్గా అనేస్తారు. 1979, 80, 82, 83... ఈ నాలుగేళ్ళూ ఇరవై లక్షల మందికి పైగా ఆటలకి వచ్చారు. ఎవరికీ నచ్చని ఆ ఒలింపిక్ స్టేడియం కాంక్రీటు గిన్నెలోకే వచ్చారు. 1994లో 74 గెలుపులు, 40 ఓటములతో లీగు మొత్తానికీ ముందున్న జట్టు ఇదే. ఆగస్టు 12న ఆటగాళ్ళ సమ్మె మొదలైంది, ఆ ఏడాది వరల్డ్ సిరీసే జరగలేదు. మరుసటి వసంతానికి గ్రిసమ్, వెట్‌లాండ్, కెన్ హిల్ ముగ్గురినీ వేరే జట్లకి ఇచ్చేశారు. లారీ వాకర్‌ని పోనిచ్చారు. ఇంకో మూడేళ్ళకి పెడ్రో మార్టినెజ్ బోస్టన్‌కి. పండిన పొలాన్ని కోతకి ముందు తాకట్టు పెట్టినట్టు.

తరవాతి కథ ఇంకా అన్యాయం. 2000 సీజన్లో ఇంగ్లీషులో టీవీ ప్రసారమూ లేదు, రేడియో ప్రసారమూ లేదు. 2001 చివర్లో లీగు ఓనర్లు రెండు జట్లని పూర్తిగా మూసేద్దామని ఓటు వేశారు, ఒకటి ఇది. 2002లో యజమాని జెఫ్రీ లోరియా జట్టుని లీగుకే 12 కోట్ల డాలర్లకి అమ్మేసి ఫ్లోరిడా జట్టు కొనుక్కున్నాడు. అంటే పోటీలో ఉన్న మిగతా 29 జట్లే ఈ జట్టుకి యజమానులు! 2003 ఆగస్టు చివర్లో ప్లేఆఫ్ ఆఖరి బెర్తు కోసం సమానంగా నిలిచిన జట్లలో ఎక్స్‌పోస్ ఉంది. సెప్టెంబర్లో అందరూ అదనపు ఆటగాళ్ళని కింది జట్ల నుంచి పిలుచుకుంటారు. వీళ్ళకి మాత్రం లీగు ఆ ఖర్చు పెట్టనన్నది. ఆ ఏడూ, మరుసటేడూ ఇరవైకి పైగా 'సొంత ఊరి' ఆటలు ప్యూర్టో రికోలోని శాన్ హువాన్‌లో ఆడించారు.

ఇది చదివినప్పుడు మా ఆయన ఒక్కసారిగా లేచి కూర్చున్నారు. ఆయన డెక్కన్ చార్జర్స్ మనిషి. 2008లో ఉప్పల్‌లో ఆడిన ఏడు మ్యాచ్‌లూ ఓడిపోయారు, కొన్నిటికి ఆయన దగ్గరుండి ఓడించి వచ్చారు. 2009లో కప్పు గెలిచారు, కానీ ఐపీఎల్ అంతా దక్షిణాఫ్రికాలో. 2010లో చాంపియన్లుగా ఇంటికొచ్చి ఆడాల్సింది, తెలంగాణ ఉద్యమం వేడిలో హైదరాబాద్ మ్యాచ్‌లు కటక్‌కి, నాగపూర్‌కి, ముంబైకి పోయాయి. 2012లో జట్టే పోయింది. "మమ్మల్ని చూడనిస్తే కదా ప్రేమించడానికి," అంటారు.

ఇంతవరకూ నేను ఊరి పక్షమే. కానీ ఊరు నిర్దోషి, పాపమంతా ఓనర్లదే అన్న కథలో ఒక చిక్కుంది. లోరియా వచ్చింది 1999 చివర్లో. 1998లోనే ఆటలకి వచ్చినవాళ్ళు పది లక్షలు దాటలేదు. అప్పటికి రేడియో ఉంది, టీవీ ఉంది, వ్లాదిమీర్ గెరేరో లాంటి ఆటగాడు ఉన్నాడు. రెండుసార్లు మోసపోయిన ఊరు మూడోసారి తలుపు తియ్యలేదు. అలిగిందనుకోవచ్చు, అర్థం చేసుకోవచ్చు. అయినా తలుపు తియ్యలేదన్నది నిజమే కదా.

81 సాయంత్రాలు

మన క్రికెట్ బుర్రతో ఆలోచిస్తే ఎక్కడ తప్పుతామో చెప్తాను. ఐపీఎల్‌లో ఒక ఊళ్ళో ఏడు మ్యాచ్‌లు. ఏడుసార్లు స్టేడియం నింపడానికి ఊళ్ళో మోజు ఉంటే చాలు. ఇక్కడ కనేడియన్స్ హాకీ జట్టుకి 41 ఆటలు, ఆటకి 21 వేల మంది. ఏడాదికి ఎనిమిదిన్నర లక్షల సీట్లు, పైగా వేరే పనేమీ లేని చలికాలంలో. బేస్‌బాల్‌కి సొంతూళ్ళో 81. ఆటకి పాతికవేల మంది అనుకున్నా ఇరవై లక్షలు. ఏప్రిల్‌లో మంగళవారం రాత్రి, రెండు డిగ్రీల చలిలో, అట్టడుగున ఉన్న జట్టుతో ఆట ఉంటుంది. దానికి ఎవరు వస్తారన్నదే అసలు పరీక్ష. వరల్డ్ సిరీస్‌కి ఎవరు రారు?

ఇరవై లక్షలని మా పెద్దాయన చెప్పిన నాలుగుతో భాగించండి. ఐదు లక్షల మంది పెద్దాయనలు కావాలి. 43 లక్షల జనాభా ఉన్న మహానగరంలో అది అసాధ్యం కాదు, కానీ ప్రతి తొమ్మిది మందిలో ఒకరు, పసిపిల్లలతో సహా.

2014 మార్చిలో టొరాంటో, న్యూయార్క్ మెట్స్ జట్లు ఇక్కడికొచ్చి రెండు సన్నాహక ఆటలు ఆడితే 96,350 మంది వచ్చారు. మాంట్రియల్ సిద్ధంగా ఉందనడానికి ఇప్పటికీ ఈ అంకే చూపిస్తారు. అలాంటి ఒక ఆటకి నేనూ వెళ్ళాను, 2018 మార్చి 27న, ఆఫీసు వాళ్ళిచ్చిన టికెట్‌తో. సున్నా-సున్నాగా తొమ్మిదో ఇన్నింగ్స్ చివరికి వచ్చింది. టొరాంటో తరఫున అప్పటికి 19 ఏళ్ళ వ్లాదిమీర్ గెరేరో జూనియర్, వాళ్ళ నాన్న ఇదే స్టేడియంలో వేసుకున్న 27 నంబరు చొక్కాతో దిగి, బంతిని గోడ దాటించాడు. ఆట ముగిసింది. అతను పుట్టింది ఈ ఊళ్ళోనే, నాన్న ఇక్కడ ఆడుతున్న రోజుల్లో. నా పక్కన కూర్చున్న ఆయన టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నాకూ కళ్ళు చెమర్చాయి, ఎందుకో తెలియకుండానే.

అయితే ఏడాదికి రెండు రోజులు వచ్చే జాతరకి జనం వస్తారు. గుడికి రోజూ వచ్చేవాళ్ళ లెక్క వేరు. నేను ఆ తర్వాత రెండో ఆట చూసింది ఎప్పుడో తెలుసా? చూడలేదు.

అలాగని 81 అంకె చూసి చేతులెత్తేయాల్సిన పని కూడా లేదనడానికి ఇక్కడే ఒక సాక్ష్యముంది. ఇక్కడి ఫుట్‌బాల్ (చేత్తో బంతి పట్టుకుని పరిగెత్తే రకం) జట్టు అలువెట్స్ 1987లో మూతపడింది, 1996లో తిరిగొచ్చింది. అదే ఒలింపిక్ స్టేడియంలో, ఖాళీ కుర్చీల మధ్య ఆడేది. 1997 నవంబర్లో ఒక ప్లేఆఫ్ ఆట రోజున స్టేడియం యూటూ కచేరీకి ముందే ఇచ్చేసి ఉండటంతో, తప్పక కొండ పక్కన మెగిల్ యూనివర్సిటీ వాళ్ళ పాత మోల్సన్ స్టేడియానికి వెళ్ళారు. చిన్నది, ఆకాశం కనిపిస్తుంది, ఊరి నడిబొడ్డు. నిండిపోయింది! మరుసటేడు నుంచి అక్కడే మకాం. జట్టు అదే, ఊరు అదే, ఆటా అదే. ఒక రాక్ బ్యాండు పుణ్యాన కుర్చీల సంఖ్య మారింది.

మినియాపోలిస్ సంగతి చూడండి. 2001లో మూసేద్దామనుకున్న రెండో జట్టు వాళ్ళదే. స్టేడియం అద్దె ఒప్పందం ప్రకారం ఆడి తీరాలని కోర్టు అనడంతో బతికిపోయింది. 2010లో ఊరి మధ్యలో, పైకప్పు లేని కొత్త స్టేడియం కట్టుకున్నారు. మాంట్రియల్‌కి ఏ మాత్రం తీసిపోని చలి ఊరు. మొదటి ఏడాది 32 లక్షల మంది వచ్చారు. ఈ మధ్య ఏళ్ళలో ఇరవై లక్షలు దాటడం లేదు. రెండు అంకెలూ చెప్పాలి కాబట్టి చెప్పాను. మొదటిదొక్కటే చెప్పే వాళ్ళతో జాగ్రత్త.

బెంగ ఎన్నాళ్ళు నిలుస్తుంది

సియాటిల్లో ఉండే మా మరిదితో ఫోన్లో ఇదే వాదన పడింది. వాళ్ళూరి మారినర్స్‌ని టొరాంటో సెమీస్‌లో ఏడో ఆటలో ఓడించిందన్న కోపం అతనికి ఇంకా తీరలేదు. "వదినా, మా ఊరూ జట్టు పోగొట్టుకుందే," అన్నాడు. నిజమే. సియాటిల్ పైలట్స్ అని 1969లో ఒకే ఒక్క సీజన్ ఆడి మిల్వాకీ వెళ్ళిపోయింది. 1977లో కొత్త జట్టొచ్చింది. "ఇప్పుడు పైలట్స్ కోసం ఏడ్చేవాడు ఒక్కడుంటే చూపించు."

అప్పుడు తట్టింది నాకు. బేస్‌బాల్ జట్టు పోయి మళ్ళీ వచ్చిన ఊళ్ళలో కొత్త జట్టు చాలావరకు పాత పేరుతో రాలేదు. మిల్వాకీలో బ్రేవ్స్ పోయి బ్రూయర్స్. కాన్సాస్ సిటీలో అథ్లెటిక్స్ పోయి రాయల్స్. వాషింగ్టన్లో సెనెటర్స్ పోతే ఒక్కసారి మాత్రం అదే పేరుతో ఇంకో జట్టు పెట్టారు, అదీ పోయింది, 34 ఏళ్ళ తర్వాత మన ఎక్స్‌పోసే వెళ్ళి నేషనల్స్ అయింది, 2019లో వరల్డ్ సిరీస్ గెలిచింది. మాంట్రియల్ కూడా అంతే. జాకీ రాబిన్సన్ 1946లో ఆడిన ఇక్కడి రాయల్స్ జట్టు 1960తో పోయింది, తొమ్మిదేళ్ళకి 1967లో ఈ ఊళ్ళో జరిగిన ప్రపంచ ప్రదర్శన ఎక్స్‌పో 67 పేరు మీద ఎక్స్‌పోస్ వచ్చింది.

పాత పేరుతోనే తిరిగొచ్చిన జట్టుకి ఏమవుతుందో చూడాలంటే హాకీలోకి వెళ్దాం. విన్నిపెగ్ జెట్స్ 1996లో పోయింది. 2011లో వేరే జట్టుని కొని తెచ్చి మళ్ళీ జెట్స్ అన్నారు. 13 వేల సీజన్ టికెట్లు కావాలంటే, సామాన్య జనానికి అమ్మకం తెరిచిన 17 నిమిషాల్లో అయిపోయాయి. కెనడా అంతా కన్నీళ్ళు పెట్టుకుంది. పన్నెండేళ్ళు తిరిగేసరికి ఆ 13 వేలు తొమ్మిదిన్నర వేలకి దిగాయి. జట్టు బాగానే ఆడుతోంది, ఊళ్ళో హాకీ అంటే ప్రాణం, హాలు పదిహేను వేలదే. మధ్యలో కోవిడ్ వచ్చిన మాట నిజమే. కానీ మొదటి రోజు ఏడ్చినవాడు పదకొండో ఏడాది చందా కట్టాల్సి వచ్చేసరికి ఆ ఏడుపు కాస్త పాతబడి ఉంటుంది కదా?

మన దగ్గర కూడా 2013లో సన్‌రైజర్స్ వస్తే చార్జర్స్ పేరే కావాలని ఎవరూ పట్టుబట్టినట్టు గుర్తు లేదు. మా ఆయన అలమరాలో చార్జర్స్ చొక్కా ఉంది. చూడటం మాత్రం ఆరెంజ్ చొక్కా వాళ్ళని చూస్తారు, తెలుగు వ్యాఖ్యానం పెట్టుకుని. కాకపోతే హైదరాబాద్‌కి మధ్యలో ఒక్క చలికాలమే గ్యాప్. ఇక్కడ ఇరవై ఏళ్ళు దాటింది. ఎక్స్‌పోస్ ఆఖరి ఆట చూసి గుర్తు పెట్టుకునే వయసున్న పిల్లాడికి ఇప్పుడు ముప్పై వస్తున్నాయి. ఆనాటి అభిమానులకి మోకాళ్ళ నొప్పులు.

మొదటి ఐదారేళ్ళు మేం ఈ ఊళ్ళోనే పార్క్ ఎక్స్ అనే పేటలో ఉన్నాం. పక్కనే జారీ పార్క్. 1969 ఏప్రిల్ 14న అమెరికా బయట మొట్టమొదటి మేజర్ లీగ్ ఆట జరిగింది అక్కడే. ఇప్పుడది టెన్నిస్ స్టేడియం. ఆ మైదానం వెనక ఈతకొలనులోకి విల్లీ స్టార్జెల్ బంతి కొట్టాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. వేసవి సాయంత్రాలు ఆ పార్కులో నేను చూసిందేమిటంటే పంజాబీ, బంగ్లాదేశీ పిల్లలు టేపు చుట్టిన బంతితో క్రికెట్, హైతీ పిల్లలు ఫుట్‌బాల్, బెంచీల మీద గ్రీకు తాతలు. ఏ జట్టు వచ్చినా ఏప్రిల్ మంగళవారం సీట్లు నింపాల్సింది వీళ్ళూ, వీళ్ళ పిల్లలూ. వీళ్ళకి 1994 గాయం గురించి చెప్తే ఏమర్థమవుతుంది? సైకిల్ దూరంలో, మెట్రో దూరంలో, ఇద్దరు పిల్లలతో వెళ్తే జేబు చిరగని టికెట్ ఉంటే వస్తారు. ఫ్రెంచిలో ఆట గొప్పగా వినిపిస్తుంది కూడా. మూడు దశాబ్దాలు రేడియోలో ఎక్స్‌పోస్ ఆటలు చెప్పిన జాక్ దూసె లాంటి వాళ్ళు ఆటకి ఒక ఫ్రెంచి భాషే తయారు చేశారు. గిరికీలు కొట్టని నకుల్‌బాల్‌ని వాళ్ళు సీతాకోకచిలుక బంతి అంటారు. మన వ్యాఖ్యాతలు ఎవరైనా దొంగిలించొచ్చు.

ఎవరి డబ్బు

ఇక్కడ నా వాదన నాకే కుంటుతోంది. పిల్లలకి చవక టికెట్ అంటున్నాను, కానీ కొత్త జట్టు కావాలంటే లీగుకి కట్టాల్సిన ప్రవేశ రుసుమే 200 కోట్ల అమెరికన్ డాలర్లకి పైన ఉంటుందని అంచనాలు. స్టేడియం ఖర్చు దానికి అదనం. టికెట్లు అమ్మేది కెనడా డాలర్లలో, ఆటగాళ్ళకి జీతాలు అమెరికా డాలర్లలో. 2002 మొదట్లో మన డాలరు 62 సెంట్లకి పడిపోయింది, ఇప్పుడు డెబ్భైల్లో ఊగుతోంది. పైగా టొరాంటో జట్టు యజమాని రోజర్స్‌కే సొంత క్రీడా ఛానల్ ఉంది, దేశమంతా తమ మార్కెట్టే అనుకుంటుంది. మాంట్రియల్ టీవీ హక్కులు ఎంత పలుకుతాయో, వాళ్ళు ఎంత పలకనిస్తారో. ఇంత పెట్టుబడి పెట్టినవాడు పార్క్ ఎక్స్ పిల్లాడికి పదిహేను డాలర్ల టికెట్ ఎందుకు ఇస్తాడు?

ఇచ్చేది ప్రభుత్వం సాయం చేసినప్పుడే అంటారు. అక్కడ నాకు గొంతులో అడ్డం పడుతుంది. తొంభైల చివర్లో ఊరి మధ్య కొత్త స్టేడియం కోసం అడిగితే క్యూబెక్ ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) లూసియన్ బూషార్, ఆసుపత్రులు మూసేస్తూ స్టేడియానికి డబ్బివ్వలేనన్నారు. రెండేళ్ళ కింద మా వాడికి చెయ్యి విరిగితే ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో పదకొండు గంటలు కూర్చున్నాం. ఎదురుగా టీవీలో ఒలింపిక్ స్టేడియం పైకప్పు మార్చడానికి 87 కోట్ల డాలర్ల సంగతి చర్చ. సొంత జట్టంటూ లేని స్టేడియం పైకప్పుకి! 1976 ఒలింపిక్స్ అప్పు తీరడానికే ముప్పై ఏళ్ళు పట్టింది. ఆ రాత్రి ఎవరైనా వచ్చి బేస్‌బాల్ అని ఉంటే కొట్టి ఉండేదాన్ని.

టాంపా బే జట్టుతో సగం సగం పంచుకుందామన్న ప్లాను కూడా ఒకటి వచ్చింది. వసంతం ఫ్లోరిడాలో, వేసవి మాంట్రియల్లో. మాంట్రియల్ వ్యాపారి స్టీఫెన్ బ్రాన్ఫ్‌మన్ బృందం పీల్ బేసిన్ దగ్గర స్థలం కూడా చూసుకుంది. 2022 జనవరిలో లీగు కాదంది. నవ్వారు అందరూ. నాకైతే మా పెద్దాయన క్యాలెండర్‌ని సరిగ్గా చదివిన ప్లాను అదొక్కటే అనిపిస్తుంది. ఢిల్లీ వాళ్ళు రెండేసి మ్యాచ్‌లు వైజాగ్‌లో ఆడితే మన వాళ్ళు సంతోషంగానే చూశారు కదా. కాకపోతే రెండు ఇళ్ళున్న వాడికి ఏ ఇంట్లో అన్నం పెట్టాలన్నది ఎవరూ తేల్చలేదు, రెండు ఊళ్ళలోనూ స్టేడియాలు కట్టాల్సిందే.

అయినా నా ఓటు "పోషించగలదు" అనే. షరతులు పెద్దవి. ముప్పై వేలు దాటని స్టేడియం, మెట్రో పక్కన. ప్రభుత్వం రోడ్డు వేస్తే వెయ్యనీ, గోడలు మాత్రం కట్టకూడదు. తొంభైల్లో లాగా ఇంకో దమ్మిడీ పెట్టబోమనే వాటాదార్ల సంఘం కాకుండా, పదేళ్ళు నష్టం భరించే ఒక్క యజమాని. పేరు ఏదైనా పెట్టుకోనీ, ఎక్స్‌పోస్ తప్ప. ఈ చివరి మాటకి మా పెద్దాయన వారం రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడారు. పేరు మారిస్తే ఆ నాలుగు ఆటలకి కూడా రారట. అలాంటప్పుడు ఐదు లక్షల మంది పెద్దాయనలు కూడా పోయినట్టే. ఆ భయం నాకు లేకపోలేదు.

ఈ ఏప్రిల్‌కి మా వాడికి టోపీ బిగుతైంది. మళ్ళీ అదే షాపుకి వెళ్ళాం. ఎక్స్‌పోస్ టోపీ, బ్లూ జేస్ టోపీ పక్కపక్కనే ఉన్నాయి. వాడు ఎంతో సేపు చూడలేదు. బ్లూ జేస్ టోపీ తీసుకుని, దాంతోపాటు 27 నంబరు చొక్కా కూడా కావాలన్నాడు. చొక్కా ధర చూసి టోపీతో సరిపెట్టాను. పాతది పారెయ్యబుద్ధి కాలేదు. వెనక పట్టీ ఆఖరి కన్నం దాకా వదులు చేస్తే మా ఆయన తలకి పట్టింది. గడ్డి కోసేటప్పుడు పెట్టుకుంటున్నారు.